నూనె లేని బండికి సర్వీసేటి?

మా అయ్య అడిగిన మాట ఇది. కారు కొన్న కొత్తలో మొదటి సర్వీసుకి నేను హడావిడి పడుతుంటే, అరుగు మీద కూకొని, "ఇంజనాయిలు నేదు, పొగ నేదు. నూనె నేని బండికి సర్వీసేట్రా?" అన్నాడు. నవ్వీసి ఊరుకున్నాను. ఏడాది తిరిగేసరికి ఆ మాటే నా బుర్రలో కూకుంది. దానికి మూల్యం చెల్లించబోయి కొద్దిలో తప్పించుకున్నాను. ఆ కథే ఇది.

మాది ఉద్దానం, కవిటి వైపు. ఇక్కడి కిడ్నీ జబ్బు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. మా అయ్యకి వారానికి మూడు రోజులు పలాసలో డయాలసిస్. కారు కొన్నది అందుకే, కరెంటు కారు కొన్నదీ అందుకే. రాత్రి ప్లగ్గు పెట్టీసి పడుకుంటే తెల్లారేసరికి నిండిపోతాది, పెట్రోలు లెక్క గుండెల మీద ఉండదు.

సర్వీసు పుస్తకంలో "ఏడాది లేదా 15,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది" అని ఉంది. ఏడాది నిండేసరికి మీటరు మీద ఇంకా పన్నెండు వేలు కూడా లేవు. ఇంకా మూడు వేలుంది కదా అని వొగ్గీసాను. పైగా షోరూము దగ్గర్లో లేదు. బండి ఇచ్చి, తెచ్చుకోవాలంటే రోజంతా పోతాది. డయాలసిస్ లేని రోజు చూడాలి, ఆ రోజు ఆళ్ళకి స్లాటుండాలి. అలగలగ మూడు నెల్లు జరిగిపోయాయి.

ఒక మంగళవారం తెల్లారి చూస్తే బండి ఛార్జి ఎక్కలేదు. ప్లగ్గు మార్చినా అంతే. లోపలుండే ఛార్జరు పోయింది. ఇంటి కరెంటుని బ్యాటరీకి పనికొచ్చేలా మార్చే పెట్టె అది. లారీ మీద ఎక్కించి పంపితే, సాయంత్రం సర్వీసు అడ్వైజరు ఫోను చేశాడు. "సార్, మీరు సర్వీసు మూడు నెలలు లేటు చేశారు కదండీ. వారంటీ పోయినట్టే. బ్యాటరీది కూడా పోద్దండి."

ఆ షోరూము పేరు చెప్పను. ఆ కుర్రోడు చెడ్డోడేం కాదు, ఆడికి ఎవులో అలగ నేర్పారు. కానీ బ్యాటరీ వారంటీ కూడా పోద్దన్న ముక్కకి నాకు చెమటలు పట్టాయి. కరెంటు కారు ఖరీదులో పెద్ద వాటా బ్యాటరీదే మరి.

ఆ రాత్రి వారంటీ పుస్తకం మొదటిసారి చివరిదాకా చదివాను. కొన్నప్పుడే చదవాల్సింది. అందులో నాకు తెలిసిన మొదటి సంగతి, వారంటీ అంటే ఒక్కటి కాదు. బండి మొత్తానికి ఒకటి, మూడేళ్ళో ఎంతో. బ్యాటరీకీ మోటారుకీ ఇంకోటి. మన దేశంలో చాలా కార్లకి బ్యాటరీ వారంటీ 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు. ఈ మధ్య కొన్ని కంపెనీలు మొదటి యజమానికి జీవితకాలం అంటున్నాయి. చేతులు మారితే అది ఏళ్ళకీ కిలోమీటర్లకీ కుదించుకుపోతాది. సెకండ్ హేండు కొనేవాళ్ళు ఆ గీతలు చూసుకోవాలి. టైర్లు, వైపర్లు, బ్రేకు ప్యాడ్లలాంటి అరిగిపోయే సామాన్లు సాధారణంగా దేనిలోకీ రావు.

రెండో సంగతి, సర్వీసు లేటు గురించి రెండు రకాల రాతలుంటాయి. "సరైన సర్వీసు లేకపోవడం వల్ల వచ్చిన నష్టానికి వారంటీ వర్తించదు" అన్నది ఒకటి. "షెడ్యూలు ప్రకారం సర్వీసు చేయించకపోతే వారంటీ చెల్లదు" అన్నది రెండోది. చదివితే ఒకలాగే ఉంటాయి గానీ తేడా చాలా ఉంది. మొదటిదాంట్లో, లేటుకీ పాడైన ముక్కకీ ముడి ఉందా లేదా అన్నదే ప్రశ్న. రెండోదాంట్లో ముడితో పనే లేదు, తేదీ దాటితే చాలు. కొన్ని పుస్తకాల్లో తేదీకి కొన్ని రోజులు, కిలోమీటర్లకి కొన్ని వందలు వెసులుబాటు కూడా రాసుంటాది. నా పుస్తకంలో ఉన్నది మొదటి రకం. ఫోనులో చెప్పిందేమో రెండో రకం.

అయితే లేటు చేస్తే ఏటీ కాదా అంటే, అవుతాది. మా అయ్య మాట ఇక్కడే తప్పు. ఇంజనాయిలు లేదు గానీ కూలెంటు ఉంది. చాలా కార్లలో బ్యాటరీనీ మోటారునీ చల్లబరచడానికి గొట్టాల్లో ఒక ద్రవం తిరుగుతుంటాది. అది కారిపోతే వేడి పెరుగుతాది, వేడి బ్యాటరీకి చేటు. బ్రేకు ద్రవం గాలిలో తేమని పీల్చుకుంటాది, మనలాగ సముద్రం పక్కనుండేవాళ్ళకి అది చిన్న విషయం కాదు. ఇంకోటుంది. కరెంటు కారు వేగం తగ్గేటప్పుడు మోటారే బండిని ఆపుతూ బ్యాటరీకి కొంత ఛార్జి తిరిగిస్తాది. దాంతో అసలు బ్రేకులకి పని తగ్గి, ప్యాడ్లు అరగవు. అదే ఉప్పుగాలిలో వాడకం లేక తుప్పు పడతాయి. వైర్ల జాయింట్లదీ అదే బాధ. ముందునుండే చిన్న 12 వోల్టుల బ్యాటరీ చచ్చిపోతే, పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా బండి లేవదు. ఇవన్నీ సర్వీసులోనే చూస్తారు.

అన్నిటికన్నా పెద్దది సాఫ్ట్‌వేరు. బ్యాటరీని ఎంత వేడిలో, ఎంత వేగంగా ఛార్జి చెయ్యాలో చెప్పే మెదడు ఒకటుంటాది. అమెరికాలో షెవర్లే బోల్ట్ కార్లకి 2020, 2021లలో మంటలు అంటుకునే ప్రమాదం బయటపడితే, కంపెనీ బళ్ళని వెనక్కి పిలిచి సాఫ్ట్‌వేరూ మార్చింది, బ్యాటరీ ముక్కలూ మార్చింది. పిలిచినప్పుడు వెళ్ళని బండికి ఆ మార్పు అందదు. తర్వాత అదే లోపంతో ఏదైనా జరిగితే "పిలిచాం, రాలేదు" అంటారు. ఆ మాటకి జవాబు చెప్పడం కష్టం.

మళ్ళీ నా కేసుకొద్దాం. నా బండిలో ఛార్జరుని చల్లబరిచేదీ ఆ కూలెంటే. అంటే ముడి ఉండే అవకాశం లేకపోలేదు. సర్వీసు లేటయి, కూలెంటు తగ్గి, ఛార్జరు కాలిపోయిందని ఆళ్ళు అనగలరు. అందుకని తెల్లారి వెళ్ళి గొడవ పెట్టుకోలేదు. మూడడిగాను. కూలెంటు ఎంతుందో చూసి జాబు కార్డు మీద రాయమన్నాను. బండి కంప్యూటరులో వేడి గురించి హెచ్చరికలేమైనా నమోదయ్యాయా, ప్రింటు తీసిమ్మన్నాను. వారంటీ ఇవ్వం అంటే, ఏ నిబంధన కింద, ఏ కారణంతో ఇవ్వట్లేదో మెయిల్ పెట్టమన్నాను.

కూలెంటు గీత మీదే ఉంది. ఎక్కడా కారలేదు. వేడి హెచ్చరిక ఒక్కటీ లేదు. మెయిల్ మాత్రం రాలేదు. నోటితో కాదన్నవాళ్ళు కాగితం మీద కాదనడానికి వెనకాడతారని అప్పుడు తెలిసింది. నేనే కంపెనీ హెడ్డాఫీసుకి మెయిల్ పెట్టాను, ఆ జాబు కార్డు ఫొటో జతచేసి, మూడు నెల్లు లేటని ఒప్పుకుంటూనే. వారం తర్వాత ఛార్జరు వారంటీలోనే మార్చారు. లారీ ఖర్చు నా నెత్తినే పడింది. ఆ తొమ్మిది రోజులూ మా అయ్య ఆటోలో పలాస వెళ్ళొచ్చాడు. డయాలసిస్ అయ్యాక ఆటోలో కుదుపులంటే ఎలగుంటాదో ఆడే చెప్పాలి.

వాళ్ళు ఒప్పుకోకపోతే ఏం చేద్దునో కూడా చూసి పెట్టుకున్నాను. ముందు 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. దాంతో కాకపోతే శ్రీకాకుళంలో జిల్లా వినియోగదారుల కమిషను. విజయనగరం వాళ్ళకి విజయనగరంలోనే ఉంది. 2019 చట్టం ప్రకారం కంపెనీ ముంబైలో ఉన్నా, మనం ఉన్న చోటే ఫిర్యాదు ఇవ్వొచ్చు. 50 లక్షల లోపు ఇచ్చి కొన్న వస్తువైతే జిల్లా కమిషను చాలు. పది నుంచి ఇరవై లక్షల మధ్య కారైతే ఫీజు 400 రూపాయలు. లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు. తగువు పుట్టిన రెండేళ్ళలోపు వెయ్యాలి.

బయట మెకానిక్కు దగ్గర చేయించుకుంటే వారంటీ మొత్తం పోద్దన్న మాట మీద కూడా ఒక ముఖ్యమైన తీర్పుంది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషను 14 కార్ల కంపెనీల మీద సుమారు 2,544 కోట్ల జరిమానా వేసింది. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చెయ్యకూడదని, ఆ రిపేరు వల్ల పాడైన మేరకే కాదనొచ్చని అందులో చెప్పింది. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి. అది పెట్రోలు, డీజిలు బళ్ళ కాలంలో వచ్చినది, లేటు సర్వీసు గురించి కాదు. కానీ ఆలోచన అదే. తప్పు ఎంతో, శిక్ష అంతే ఉండాలి. అలాగని కరెంటు కారు పెద్ద బ్యాటరీ పెట్టెని మన ఊరి మెకానిక్కు చేత విప్పించకండి. వందల వోల్టులుంటాది, వారంటీ మాట తర్వాత, ప్రాణం మాట ముందు.

నన్నడిగితే తప్పు ఇద్దరిదీ. నేను "ఏది ముందైతే అది" అన్న మాట చదివీ వొగ్గీసాను. ఆళ్ళు బండి అమ్మేటప్పుడు ఇచ్ఛాపురం దాకా వచ్చి అమ్ముతారు గానీ, సర్వీసుకి మనల్నే రమ్మంటారు. నెలకో రోజు సోంపేటకో టెక్కలికో ఒక వేను పంపితే, సగం లేట్లు ఉండవు. తుఫాను రోజుల్లో అయితే మరీను. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటే లేదు, రోడ్లకడ్డంగా కొబ్బరిచెట్లు. అలాంటప్పుడు సర్వీసు తేదీ దాటితే అది ఎవరి తప్పు? అలాంటి రోజుల్లో లేటవుతుందని ఒక మెయిల్ పెట్టి ఉంచుకోవడం మంచిది.

ఇప్పుడు మా ఇంట్లో గోడ క్యాలెండరు మీద డయాలసిస్ రోజులకి మా అయ్య నీలం పెన్నుతో సున్నాలు చుడతాడు. పోయిన నెల చూస్తే ఒక బుధవారం మీద ఎర్ర సున్నా ఉంది. ఇదేటని అడిగాను. "బండికిరా," అన్నాడు. "దానికీ డయాలసిస్సే కదా."