తొలగింపులు లేవు, రాజీనామాలే

యమున దాటితే నోయిడా. అత్యవసర పరిస్థితి రోజులలో, 1976 ఏప్రిల్‌లో, ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం అక్కడ ఒక పారిశ్రామికాభివృద్ధి సంస్థను నెలకొల్పింది. ఆ సంస్థ ఆంగ్లనామంలోని పొడి అక్షరాలే చివరకు ఊరి పేరయి కూర్చున్నాయి. నేడక్కడ మెట్రో రైలు దిగిన వారికి ఎటు చూసినా అద్దాల మేడలు, మెడలో గుర్తింపు కార్డులు వేలాడే యువతీ యువకులు. వారిలో మన తెలుగువారికి కొదవ లేదు.

అట్టివాడొకడు గత వారం మా ఇంటికి వచ్చాడు. తెనాలిలో నా బాల్యమిత్రుని కుమారుడు. ఏడేళ్లుగా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. అమెరికాలోని ఖాతాదారు మేలుకొనే వేళకు ఇతడు మేలుకొని ఉండాలి గనుక, సాయంకాలం బయలుదేరి తెల్లవారుజామున కంపెనీ కారులో ఇల్లు చేరేవాడు. దానిపై అతనికి ఫిర్యాదు లేదు. బడిపంతులుగా రిటైరైన తండ్రి ఏనాడూ కళ్లజూడని జీతం మరి!

"ఉద్యోగం పోయింది, బాబాయిగారూ" అన్నాడు.

"తీసేశారా?"

"లేదండీ, రాజీనామా చేశాను."

జరిగినది ఇది. అతడు చేస్తున్న ప్రాజెక్టు ముగిసింది. మరొకటి దొరికేదాకా ఖాళీగా ఉండడాన్ని వారి పరిభాషలో 'బెంచి' అంటారు. రెండు నెలలు బెంచిమీద ఉన్నాక ఒక మధ్యాహ్నం సిబ్బంది విభాగం వారు గదిలోకి పిలిచారు. రాజీనామా పత్రం సిద్ధంగా ఉంది. సంతకం చేస్తే రెండు నెలల జీతం, మంచి అనుభవ పత్రం. చేయకుంటే పనితీరు బాగాలేదన్న ముద్రతో తొలగింపు. ఇంటికి ఫోను చేసుకుంటానంటే బయటికి వెళ్లనివ్వలేదట. ఇరవై నిమిషాలలో సంతకం పెట్టాడు.

పొమ్మనదలచిన కంపెనీకి ఇంత తతంగం దేనికి? 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం క్రింద, ఏడాదైనా పనిచేసిన కార్మికుని రిట్రెంచ్ చేయాలంటే నెల రోజుల నోటీసు, ప్రతి సర్వీసు సంవత్సరానికి పదిహేను రోజుల జీతం పరిహారం ఇవ్వాలి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఆ నిబంధనలను అట్టే ఉంచింది. మళ్లీ పని నేర్చుకొనేందుకు మరో పదిహేను రోజుల జీతాన్ని చేర్చింది. తనంత తాను వెళ్లిపోయిన వానికి ఇవేవీ వర్తించవు. ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న షరతు కర్మాగారాలకు, గనులకు, తోటలకే గాని అద్దాల మేడలకు లేదు. ఆ కోడ్ వచ్చిన ఏడాదే, జూలైలో, టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అనగా పన్నెండు వేల పైచిలుకు మందిని, తగ్గిస్తానని ప్రకటించింది. అంత బాహాటంగా చెప్పేవారు అరుదు.

ఈ చట్టం సంగతి చెబితే కుర్రవాడు తెల్లబోయాడు. "నేను కార్మికుణ్ణా, బాబాయిగారూ? సీనియర్ ఇంజనీర్ని!"

చట్టం చూసేది హోదాను కాదు, చేసే పనిని. సాంకేతికమైన పని చేసేవాడు కార్మికుడేనని 1947 చట్టమూ, కొత్త కోడూ రెండూ అంటున్నాయి. జీతం పరిమితి ఉన్నది సూపర్వైజర్లకు. మేనేజర్లు ఎటూ లెక్కలోకి రారు. అందుకే కాబోలు, ఈ కంపెనీలలో పట్టుమని నలుగురు చేతికింద లేనివాడికి కూడా మేనేజరు బిరుదు తగిలిస్తారు! సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు సంఘం పెట్టుకొనే హక్కు ఉన్నదని తమిళనాడు ప్రభుత్వం 2016లోనే స్పష్టం చేసింది. కాని హక్కు ఉండడం వేరు, దానిని వాడుకొనే ధైర్యం ఉండడం వేరు. 1960లలో కలకత్తాలో జీవిత బీమా ఉద్యోగులు, కంప్యూటరు తమ కొలువులు మింగుతుందని దానిని ఆఫీసులోకి రానివ్వక కాపలా కాశారు. ఆ కంప్యూటరే అన్నం పెడుతున్న ఈ తరానికి సంఘమంటే జంకు. సంఘంలో చేరినట్లు తెలిస్తే మరే కంపెనీ గడప తొక్కనివ్వదని వీరి నమ్మకం.

లేబర్ కమిషనరుకు అర్జీ పెట్టమన్నాను. సంతకం ఒత్తిడి వల్ల పెట్టినదని రుజువు చేయవలసి ఉంటుంది. అది సులభం కాదనీ చెప్పాను. వచ్చే నెల ఇంటి అప్పు కిస్తీ కట్టాలి, ఆలోచిస్తానన్నాడు. తండ్రికి మాత్రం తెలియనీయవద్దని చేతులు పట్టుకున్నాడు.

కాఫీ తాగుతుండగా ఫోను మోగింది. గుర్‌గావ్ నుంచి ఎవరో కంపెనీవారు. పాత ఉద్యోగం ఎందుకు మానారని అడిగినట్లున్నారు. కుర్రవాడు నావైపు ఒకసారి చూచి, గొంతు సర్దుకుని, "వ్యక్తిగత కారణాలు" అన్నాడు.