చెట్టుకూ కాపలా, ఒంటికీ కాపలా

మునగ చెట్టుకు కత్తి గాటు పడుతుంది. కొన్నాళ్లకు వెళ్లి చూడండి. గాటు పడినచోట బంక కారి గట్టిపడి ఉంటుంది.

కూర తరుగుతుంటే కత్తిపీటకు వేలు తెగుతుంది. కాసేపటికి రక్తం గడ్డకట్టి ఆగిపోతుంది. తరవాత పక్కు కడుతుంది.

చెట్టుకు బంక చేసిన పనే మనకు పక్కు చేస్తుంది. రెండూ తలుపు మూసేస్తాయి. ఎవరు రాకుండా? రోగం తెచ్చే సూక్ష్మజీవులు రాకుండా.

సూక్ష్మజీవులు అంటే కంటికి కనబడనంత చిన్నవి. గాలిలో, నీళ్లలో, మట్టిలో అంతటా ఉంటాయి. అన్నీ చెడ్డవి కావు. పాలను తోడుపెట్టి పెరుగు చేసేవీ అవే. కొన్ని మాత్రం జబ్బు తెస్తాయి.

చెట్టు ఏం చేస్తుంది?

చెట్టు పారిపోలేదు. డాక్టరు దగ్గరకు పోలేదు. నిలబడినచోటే పోరాడాలి. దాని ఒంటికి బెరడు ఉంది. ఆకు మీద మైనం లాంటి పూత ఉంది. చేమాకు మీద నీళ్లు పోస్తే ముత్యాల్లా జారిపోతాయి కదా! తడి నిలవకపోతే బూజు తెగుళ్లు మొలకెత్తడం కష్టం.

అయినా తెగులు లోపలికి దూరిందనుకోండి. వరికి వచ్చే అగ్గితెగులు మీకు తెలిసే ఉంటుంది. తట్టుకోలేని రకంలో ఆకు మీద నూలుకండె ఆకారంలో మచ్చలు లేస్తాయి. బాగా తట్టుకునే రకంలో సూదిమొనంత చుక్కలే కనిపిస్తాయి. ఎందుకని?

ఇటుకలతో ఇల్లు కట్టినట్టు, చెట్టయినా మనిషయినా కణాలతోనే తయారవుతారు. తట్టుకునే రకంలో తెగులు దిగినచోట కణాలు తమంతట తామే చచ్చిపోతాయి. బతికున్న కణం దొరక్క తెగులు అక్కడే ఆగిపోతుంది. గడ్డివాముకు నిప్పంటుకుంటే చుట్టూ ఉన్న గడ్డి లాగేస్తారు చూడండి. ఇదీ అలాంటిదే.

చాలా మొక్కల్లో మిగతా ఆకులకు కబురు కూడా పోతుంది. మాటలతో కాదు, రసాయనాలతో. ఆ ఆకులు ముందే సిద్ధమవుతాయి.

మన ఒంట్లో ఏం జరుగుతుంది?

మనకు చర్మం గోడ లాంటిది. ముక్కులో వెంట్రుకలు, చీమిడి దుమ్మును పట్టేస్తాయి. కన్నీళ్లలో, ఉమ్మిలో సూక్ష్మజీవులను చంపే పదార్థం ఉంది. కడుపులో ఊరే ఆమ్లం చాలావాటిని చంపేస్తుంది.

ఇవి దాటి వచ్చినవాటి పని తెల్ల రక్తకణాలు చూస్తాయి. చెట్టుకు ఇలా ఒళ్లంతా తిరిగే కాపలాదార్లు లేరు. మనకున్నారు. కొన్ని తెల్లకణాలు సూక్ష్మజీవులను మింగేస్తాయి. పుండులో చీము పడుతుంది కదా! అందులో ఎక్కువగా ఉండేవి పోరాడి చచ్చిన తెల్లకణాలే.

జ్వరం కూడా ఈ పోరాటంలో భాగమే. ఒళ్లు వేడెక్కితే కొన్ని సూక్ష్మజీవులు సరిగా పెరగలేవు. అలాగని ఊరుకోకూడదు. పసిబిడ్డకు జ్వరం వస్తే వెంటనే డాక్టరుకు చూపించాలి.

మరికొన్ని తెల్లకణాలు ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి. ఇవి ఒక్కో జబ్బుకు ఒక్కో రకం. ఏ తాళానికి ఆ తాళంచెవి అన్నమాట. వీటికి జ్ఞాపకం కూడా ఎక్కువ. ఒకసారి తట్టు వచ్చి తగ్గినవారికి మళ్లీ రావడం చాలా అరుదు. కానీ మొదటిసారికే ఎందరో పిల్లల ప్రాణాలు పోయాయి.

ముర్రుపాలు, టీకాలు

పసిబిడ్డ ఒంట్లో కాపలా ఇంకా బలపడదు. అప్పుడు తల్లి తన కాపలాను పంచి ఇస్తుంది. కాన్పు కాగానే వచ్చే చిక్కని, పసుపుపచ్చని ముర్రుపాలలో ప్రతిరక్షకాలు చాలా ఉంటాయి. "అవి మంచివి కావు, పిండి పారబొయ్యి" అనే పెద్దవాళ్లు ఉన్నారు. పారబోస్తే బిడ్డ కాపలాను పారబోసినట్టే. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి.

టీకా అంటే దొంగ ఫొటోను ముందే చూపించడం. బలం తీసేసిన సూక్ష్మజీవినో, దానిలో ఒక ముక్కనో ఒంట్లోకి పంపుతారు. తెల్లకణాలు గుర్తుపెట్టుకుంటాయి. అసలు దొంగ వస్తే వెంటనే పట్టేస్తాయి.

టీకాల వల్లే 1980 నాటికి ప్రపంచంలో మశూచి లేకుండా పోయింది. మన దేశాన్ని 2014లో పోలియో లేని దేశంగా ప్రకటించారు.

బిడ్డ పుట్టగానే బి.సి.జి., పోలియో చుక్కలు, కామెర్ల టీకా వేయించాలి. నెలన్నరకు, రెండున్నర నెలలకు, మూడున్నర నెలలకు మళ్లీ టీకాలు వేయించాలి. బి.సి.జి. మాత్రం మళ్లీ అక్కర్లేదు. తట్టు టీకా తొమ్మిది నెలలు నిండాక ఒకసారి, ఏడాదిన్నర వయసప్పుడు ఇంకోసారి. సర్కారు దవాఖానాలో, అంగన్‌వాడీలో ఇవి ఉచితం.

టీకా వేశాక కొంచెం జ్వరం రావచ్చు. అది కాపలాదార్లు పాఠం నేర్చుకుంటున్న గుర్తు. దానికి భయపడి తరవాతి టీకా మానెయ్యొద్దు.

చెట్టుకు టీకాల కార్డు లేదు. మన పిల్లలకు ఉంది. ఆ కార్డు ఇప్పుడు మీరే చదవగలరు. ఒకసారి తీసి చూడండి. తరవాతి టీకా ఏ తేదీన ఉంది?