సారమేయుని భయానికి మందు

నన్నయభట్టారకుని ఆంధ్ర మహాభారతం ఆదిపర్వంలోని సరమ వృత్తాంతం విద్యార్థులకు పరిచితమే. జనమేజయుని యాగస్థలి చెంత ఆడుకొంటున్న సారమేయుణ్ణి రాజసోదరులు కొట్టారు. తల్లి సరమ వచ్చి, నిరపరాధులకు కీడు చేసేవారిని అకారణ భయాలు వెంటాడుతాయని రాజును హెచ్చరించింది. కొట్టినవారి భయం కావ్యానికెక్కింది. దెబ్బ తిన్న కుక్క భయం మాత్రం వాకిళ్లలోనే మిగిలిపోయింది. ఆ కుక్కకు పుండు పడిననాడు ఆ భయమే రెండవ వ్యాధి అవుతుంది.

కడప జిల్లాలో వేంపల్లెకు చేరువగా, కొండల దాపున ఉన్న ఇడుపులపాయ వంటి చోట్ల కుక్క ఇంటికి అలంకారం కాదు. గొర్రెల మందకూ కళ్లానికీ కావలి. దానికి జబ్బు చేస్తే ప్రొద్దుటూరులో 2008లో నెలకొన్న పశువైద్య కళాశాల ఉన్నది. అయితే వైద్యుడు పుండు కడిగి కట్టు కట్టేది ఒకనాడే. ఆపై దినదినమూ మందు వేయవలసినవారు ఇంటివారు. చిక్కంతా అక్కడే.

నలుగురు చేరి మూతికి తాడు చుట్టి అదిమిపట్టడం వాడుకైన పద్ధతి. మొదటినాడు పని నెరవేరుతుంది. రెండవనాడు సీసా కనబడగానే కుక్క మంచం క్రింద దూరుతుంది. మూడవనాడు కరుస్తుంది. ఇది మొండితనం కాదు, నేర్చుకొన్న పాఠం. తిండికి ముందు వచ్చే సంకేతానికే కుక్క నోరూరుతుందని రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్ నిరూపించాడు. బాధకు ముందు వచ్చే సంకేతానికి అది వణకడమూ అటువంటిదే.

నేర్చిన భయాన్ని మరపించవచ్చునా? 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ ప్రకటించిన పరిశోధన ఉపాధ్యాయులకు స్మరణీయం. కుందేలును చూసి బెదిరే పీటర్ అనే బాలుడు ఇష్టమైన తిండి తింటూండగా, కుందేలును దూరాన ఉంచి, క్రమంగా దగ్గరకు చేర్చి ఆమె ఆ భయాన్ని పోగొట్టింది.

కుక్క విషయంలోనూ దారి ఇదే. మొదట సీసాను దూరాన చూపి, వెంటనే ఒక మాంసపు ముక్క పెట్టాలి. అది బెదరకుండా ఉంటే మూత తీయడం, భుజంపై చేయి వేయడం, గాయం చుట్టూ తాకడం, చివరకు దూదితో అద్దడం. తోక ముడవడం, మాటిమాటికి పెదవులు నాకడం, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడడం, ఇవన్నీ ఆగమని చెప్పే భాష. అప్పుడు ఒక మెట్టు వెనుకకు దిగాలి. గుర్రుమన్నందుకు కొట్టరాదు, హెచ్చరిక మాన్పిస్తే కుక్క హెచ్చరించకుండానే కరుస్తుంది. తిండితో ఇవ్వదగిన మాత్ర అయితే మూడు చిన్న సంగటి ముద్దలు చేసి, నడిమి ముద్దలో దాచితే చాలును.

ఓర్పుకూ హద్దున్నది. పురుగులు పడిన పుండు, ఆగని రక్తం రోజుల తరబడి వేచి ఉండవు. అప్పుడు వైద్యునిచేత మత్తుమందు ఇప్పించడమే కరుణ. ఐబుప్రొఫెన్ వంటి మనుషుల నొప్పి మాత్రలు కుక్కకు విషతుల్యం. స్వభావం హఠాత్తుగా మారి చొంగ కార్చే కుక్కను తాకనేరాదు. కరిచినా, గీరినా ఆ చోటును సబ్బుతో, ధారగా పోసే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవాలి.

బలం ఒక పూట మందు వేయగలదు. నమ్మకం పుండు మానేదాకా వేయగలదు. ఆపై ఏటేటా రేబిస్ టీకాకు ఆ కుక్కనే వెంట నడిపించుకొని పోగలదు.