మెట్టుకూ మెట్టుకూ మధ్య

పిల్లకు సంగీతం చెప్పిద్దామనుకోగానే మనకు ముందుగా తోచేది హార్మోనియమో, కీబోర్డో కొనడం. మెట్టు నొక్కితే చాలు, స్వరం పలుకుతుంది. కాని ఆ సులువువల్ల పిల్ల చెవికి ఏం లోటు వస్తుందో కాస్త ఆలోచిద్దామా?

హార్మోనియంలో సా నుంచి పై సా వరకు 12 సమానమైన మెట్లు. ఒక్కో మెట్టు 100 పాళ్ళనుకోండి. అంతర గాంధారం నాలుగో మెట్టు, అంటే 400. సాతో హాయిగా కలిసిపోయే గాంధారం మాత్రం 386 దగ్గర వుంటుంది. "ఇంత చిన్న తేడాకేనా?" అంటారేమో! పప్పులో ఉప్పు తేడా కూడా చిన్నదే కదండీ. బాగా శ్రుతి చేసిన తంబురాను మీటుతూ చెవి ఒగ్గి వినండి. ఎవరూ మీటని ఆ గాంధారం తనంతట తానే పలుకుతుంది. దాన్ని స్వయంభూ స్వరమంటారు, మన చోడవరం వినాయకుడిలాగే!

నాట్యశాస్త్రంలో భరతుడు స్థాయికి 22 శ్రుతులు చెప్పాడు. సా, మా, పాలకు నాలుగేసి. రీ, దాలకు మూడేసి. గా, నీలకు రెండేసి. అన్నీ సమానం కావన్నమాట. పైగా తోడికీ, ఖరహరప్రియకూ పేరుకు ఒకటే సాధారణ గాంధారం. తోడిలో దాన్ని ఊపే తీరు వేరు, ఖరహరప్రియలో వేరు. మెట్టు రెండింటికీ ఒకే మోత మోగిస్తుంది. ఇటువంటి అభ్యంతరాలవల్లనే 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించి, 1971లో గాని ఆ కట్టుబాటును సడలించలేదు.

ఇక స్వరానికి అర్థం ఎక్కడిది? పాశ్చాత్య సంగీతంలో రెండు మూడు స్వరాలను కలిపి మోగిస్తూ, ఆ గుంపులను ఆధారం నుంచి దూరంగా తీసుకుపోయి మళ్ళీ ఇంటికి చేరుస్తారు. ఏ మెట్టునైనా ఆధారం చేసుకునే వీలుకోసమే వాళ్ళు మెట్లన్నీ సమానం చేసుకున్నారు. మనకు సా కదలదు. ప్రతి స్వరమూ దాన్నిబట్టే విలువ తెచ్చుకుంటుంది. మోహనంలోని అయిదు స్వరాలనే వుంచి, రీని సా అనుకోండి, మధ్యమావతి అవుతుంది. గాను సా అనుకుంటే హిందోళం! దీన్నే గ్రహభేదం అంటారు. పుట్టింట్లో కూతురు, అత్తింట్లో కోడలు; మనిషి ఒక్కతే కదా!

హార్మోనియం పనికిరానిదని కాదు. మన పద్యనాటకాలకు అది ప్రాణం. అయితే చెవి కుదిరేవరకు పిల్లచేత తంబురా శ్రుతికే పాడించండి. తంబురా లేకపోతే శ్రుతిపెట్టె చాలు. ముందు సా దగ్గర గొంతు నిలవనివ్వండి. మెట్టుకూ మెట్టుకూ మధ్య వున్న చోటు పిల్లకు అప్పుడే దొరుకుతుంది.