ఆకు కాదు, పూత

“ఆకే కదన్నా, మందు కన్నా నయం. అలవాటు కూడా పడదు.” గంజాయి తాగే కుర్రాళ్ళు తరచూ చెప్పే మాట ఇది. పొరపాటు మొదటి ముక్కలోనే ఉంది. పొట్లంలో ఉండేది ఎండబెట్టిన ఆడమొక్క పూత. మత్తంతా ఆ పూతకు పట్టిన జిగురులో ఉంటుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కూడా పూత, కాయ ఉన్న కొనలనే గంజాయి అంది.

ఆ జిగురులో మత్తెక్కించేది టీహెచ్‌సీ. 1964లో ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలమ్, యెహియెల్ గవోనీ దాన్ని విడదీశారు. దాదాపు అలాంటి పనే చేసే పదార్థం మన మెదడులోనే తయారవుతుందని 1992లో మెషూలమ్ బృందం కనిపెట్టి, మన ‘ఆనందం’ మాటనే తీసుకుని ఆనందమైడ్ అని పేరు పెట్టింది. ఆకలి, నొప్పి, భయం, జ్ఞాపకం అదుపులో ఉండడానికి ఇది సాయపడుతుంది. మడికి తడి అందగానే మడవ కట్టేసే రైతులాగా, పని అవగానే మెదడు దాన్ని కరిగించేస్తుంది. టీహెచ్‌సీ వస్తే కాలువకు గండి పడ్డట్టే. గంటల తరబడి అన్ని మళ్ళలోకీ పారుతుంది.

జ్ఞాపకాలు పోగయ్యే చోట ఆ ముంపు ఎక్కువ. అందుకే చదివే కుర్రాడు పేజీ చివరికి వచ్చేసరికి మొదటి పేరా మరిచిపోతాడు. బండి మీద ఉంటే ఎదురుగా లారీ కనిపిస్తూనే ఉంటుంది, బ్రేకు మీదికి కాలు ఆలస్యంగా పోతుంది. గుండె దడదడలాడుతుంది. తింటే ఇంకో చిక్కు. మత్తు ఎక్కడానికి గంటా రెండు గంటలు పట్టొచ్చు కాబట్టి, ఏమీ కాలేదని మళ్ళీ తింటారు.

మెదడు పూర్తిగా ఎదగడానికి సుమారు 25 ఏళ్ళు పడుతుంది. ఆలోగా మొదలుపెట్టి రోజూ తాగేవాళ్ళలో లేని మాటలు వినపడడం, అందరి మీదా అనుమానం లాంటి మానసిక జబ్బుల ముప్పు పెరుగుతుంది. ఇంట్లో ఎవరికైనా అలాంటి జబ్బు ఉంటే ఆ ముప్పు మరీ ఎక్కువ.

ఇక అలవాటు సంగతి. వాడేవాళ్ళలో పదిమందికి ముగ్గురు దాన్ని అదుపు చేసుకోలేని స్థితిలో పడతారని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ అంచనా. మానేసిన మొదటి వారం నిద్ర పట్టదు, పీడకలలొస్తాయి, అన్నం సయించదు, అయినదానికీ కానిదానికీ కసురుకుంటారు. “మానేశానన్నాడు, ఇప్పుడు ఇంకా మొండికేస్తున్నాడు” అని అమ్మలు కుమిలిపోయేది ఈ రోజుల్లోనే. ఆ కోపం చాలాసార్లు వాడు నిజంగానే మానేశాడనడానికి గుర్తు. అప్పుడు తిడితే మళ్ళీ పొట్లం దగ్గరికే పోతాడు. రెండు మూడు వారాలు ఓపిక పడితే చాలామందికి తెరిపి వస్తుంది.

మందుగా పనికొస్తుందంటారు, నిజమే. ఇదే మొక్కలోని సీబీడీతో చేసిన మందును పిల్లల్లో వచ్చే అరుదైన మూర్ఛలకు 2018లో అమెరికా అనుమతించింది. అది కొలిచి ఇచ్చే మందు. చింతపల్లి, పాడేరు కొండల్నించి దొంగచాటుగా వచ్చే పొట్లానికి ఏ కొలతా లేదు. 20 కిలోలు దాటి పట్టుబడితే కనీసం పదేళ్ళ జైలు. అందులో మగ్గేది ఎక్కువగా మోసే కూలీలే, పెట్టుబడి పెట్టినవాడు కాదు.

తాగినందుకో, కొద్దిపాటి సరుకుతోనో దొరికినవాళ్ళు స్వయంగా చికిత్సకు ముందుకొస్తే విచారణ నుంచి మినహాయింపుకి అదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446, ఉచితం. అబ్బాయి ఒప్పుకునేదాకా ఆగక్కర్లేదు, ముందు మీరే ఫోన్ చేయండి.