వంటింటి సరుకులతో పిల్లల చేతిపనులు: లిలువాలో అల్పన, మన ఇంట ముగ్గు

కోల్‌కతా పక్కన హావ్‌డా జిల్లాలో ఉన్న లిలువా, 1900లో మొదలైన రైల్వే వర్క్‌షాప్‌తో పేరు తెచ్చుకున్న ఊరు. ఆశ్వయుజ పున్నమినాడు లక్ష్మీపూజకు బెంగాలీ ఇళ్ల గడపల్లో బియ్యప్పిండితో 'అల్పన' వేస్తారు. అక్కడ పెరిగే తెలుగు పిల్లలకు అల్పననూ ముగ్గునూ కలిపి నేర్పడానికి గుప్పెడు బియ్యం చాలు.

అల్పన: బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బి, నీళ్లు కలిపి పల్చన చేయాలి. చిన్న గుడ్డపీలికను అందులో ముంచి అరచేతిలో పట్టుకుంటే పిండినీళ్లు ఉంగరం వేలి మీదుగా జారి గీతగా మారతాయి. ముగ్గుకు పొడిపిండి, అల్పనకు తడిపిండి. తేడా అంతే. నల్ల కాగితం మీద కూడా వేయవచ్చు.

బెండకాయ అచ్చులు: కూరకు తరిగాక పారేసే తొడిమ ముక్కను రంగులో అద్ది కాగితం మీద నొక్కితే పువ్వు పడుతుంది. పసుపు నీళ్లు, బీట్‌రూట్ రసం రంగులుగా సరిపోతాయి.

పసుపు కాగితం: తెల్ల కాగితానికి పసుపు నీళ్లు పూసి ఆరబెట్టాలి. దానిపై సబ్బునీళ్లతో రాస్తే అక్షరాలు ఎర్రగా తేలతాయి. నిమ్మరసం తగిలితే మళ్లీ పసుపుపచ్చ అవుతాయి. పసుపులోని కర్కుమిన్ క్షారంలో రంగు మారడమే కారణం. దిష్టి తీసే ఎర్రనీళ్ల రహస్యమూ ఇదే. అయితే వాటిలో వాడే సున్నం పిల్లల చేతికి ఇవ్వకూడదు. కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

ఉప్పు ముద్ద బొమ్మలు: రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, కప్పుకు కాస్త తక్కువ నీళ్లు కలిపి పిసికితే బొమ్మలకు మట్టి సిద్ధం. ఉప్పు ఎక్కువైన చోట బూజు తేలిగ్గా పట్టదు. ఆవకాయ నిల్వ ఉండటానికీ ఉప్పు తోడ్పడేది ఇలాగే. కానీ ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. హుగ్లీ ఒడ్డున వానాకాలంలో బొమ్మలు మెత్తబడతాయి కాబట్టి బాగా ఎండాక మూతపెట్టిన డబ్బాలో దాచాలి. ఈ ముద్దను పసిపిల్లలు మింగకుండా చూసుకోవాలి. అంత ఉప్పు వారికి హానికరం.

తినే తిండిని ఆటకు వాడటం ఇష్టం లేనివారు పురుగు పట్టిన పిండి, ముక్కిపోయిన నూకలు వాడుకోవచ్చు. కత్తి పని, పొయ్యి పని మాత్రం పెద్దలే చేయాలి.