గిటార్ గుయ్‌మంటోందా? కొత్త పికప్ కొనేముందు ఎర్త్ చెక్ చేయండి

ఎలక్ట్రిక్ గిటార్ వాయించాలంటే ఇప్పుడు పెద్ద యాంప్ అక్కర్లేదు. ఫోన్, చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, ఓ యాంప్ యాప్, హెడ్‌ఫోన్స్ ఉంటే చాలు. కానీ చాలామందిని విసిగించేది ఒకటుంది. వాయించడం ఆపగానే వెనకాల గుయ్‌మని ఒకటే మోత! వెంటనే నాయిస్ గేట్ పెడల్ కొందామా, పికప్‌లు మార్చేద్దామా అని వెతకడం మొదలుపెడతాం. నాయిస్ గేట్ మీరు వాయించనప్పుడు మాత్రమే మోతను మూసేస్తుంది. అసలు కారణం అలాగే ఉంటుంది.

ఈమధ్య రేగొండలో నాకు తెలిసిన ఓ తమ్ముడి గిటార్‌కి ఇదే సమస్య వస్తే, ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ చెక్ చేశాం. ఆ ఆర్డర్‌లోనే చెప్తాను.

గ్రౌండ్ వేరు, ఎర్త్ వేరు

గిటార్‌లో తీగలు, బ్రిడ్జి, జాక్ బయటి మెటల్ అన్నీ ఒకే వైరింగ్‌తో కలిసి ఉంటాయి. దీన్నే గ్రౌండ్ అంటారు. ఇంట్లో ఎర్త్ అంటే ప్లగ్‌లోని పెద్ద పిన్ నుంచి భూమిలోకి వెళ్లే వైరు. ఈ రెండింటినీ కలిపేది యాంప్. తీగల నుంచి బ్రిడ్జికి, అక్కడి నుంచి కేబుల్ ద్వారా యాంప్ బాడీకి, ఆపై ఎర్త్ పిన్‌కి, చివరికి ఇంటి బయట ఎర్త్ గుంతకి దారి ఉంటుంది. అంటే మీ వేళ్లు ఎప్పుడూ ఆ దారిమీదే ఉంటాయి. అందుకే ఇది సౌండ్ క్వాలిటీ గురించి మాత్రమే కాదు, సేఫ్టీ గురించి కూడా.

ముందు బ్యాటరీ మీద టెస్ట్

యాంప్ పక్కన పెట్టి, చార్జర్ తీసేసి, ఫోన్ బ్యాటరీ మీదే గిటార్ వినండి. గిటార్ వాల్యూమ్ సున్నా చేయండి. అయినా మోత ఉంటే అనుమానం కేబుల్ మీదో, ఇంటర్‌ఫేస్ మీదో పెట్టుకోవాలి. వేరే కేబుల్‌తో చూడండి. సున్నా చేయగానే మోత పోయిందా? అయితే చూడాల్సింది గిటార్‌నే.

ఇప్పుడు వాల్యూమ్ పెంచి తీగల మీద చెయ్యి పెట్టండి.

మోత తగ్గితే గ్రౌండ్ వైరు బాగానే ఉన్నట్టు. గాల్లోని కరెంటు శబ్దాన్ని మన ఒళ్లే యాంటెన్నాలా పట్టి పికప్‌కి అందిస్తుంది. తీగ తాకగానే ఒళ్లు గ్రౌండ్‌తో కలిసి ఆ శబ్దం తగ్గుతుంది. అది కూడా వద్దనుకుంటే పికప్ గుంతల్లో రాగి ఫాయిల్ టేప్ అంటించి, దాన్ని గ్రౌండ్‌కి కలపాలి.

తీగలు తాకితే ఏ మార్పూ లేకుండా, జాక్ మెటల్ తాకితేనే తగ్గితే బ్రిడ్జికి వెళ్లే వైరు ఊడిందని అర్థం. తాకితే ఇంకా పెరిగిందంటే జాక్ దగ్గర రెండు వైర్లు తారుమారయ్యాయేమో చూడండి.

మా తమ్ముడి గిటార్‌ది రెండో కేసు. మల్టీమీటర్‌ని కంటిన్యుటీ మోడ్‌లో పెట్టి, ఒక ప్రోబ్ కేబుల్ రెండో చివర ప్లగ్ బయటి మెటల్‌కి, ఇంకోటి బ్రిడ్జికి తాకించాం. బీప్ రాలేదు. వెనక మూత తీస్తే, స్ప్రింగులు పట్టుకున్న మెటల్ ముక్క నుంచి నల్ల వైరు ఊడి వేలాడుతోంది. ఆ మెటల్ లావుగా ఉండి వేడిని లాగేస్తుంది కాబట్టి 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో అతకలేదు. 60 వాట్లది తెచ్చి అతికించాం. బీప్ వచ్చింది. ఖర్చు దాదాపు ఏమీ లేదు.

ఇంకా మిగిలిన హమ్ ఎక్కడిది?

తాకినా మారకుండా, గిటార్‌ని అటూఇటూ తిప్పితే తగ్గీ పెరిగే సన్నటి హమ్ వేరే రకం. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్లు, స్టెబిలైజర్ల చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని సింగిల్ కాయిల్ పికప్ పట్టేస్తుంది. ఫ్రిజ్ స్టెబిలైజర్‌కి దూరం జరగండి, ఫ్యాన్ రెగ్యులేటర్ తగ్గించి, పెంచి చూడండి. ఈ హమ్ కోసమే 1955లో గిబ్సన్ ఇంజినీర్ సెత్ లవర్ రెండు కాయిల్స్‌తో హంబకర్ తయారు చేశారు. అయితే గ్రౌండ్ వైరు ఊడిపోయి ఉంటే హంబకర్ పెట్టినా ఆ సమస్య తీరదు.

ఆ తర్వాత ఫోన్‌కి చార్జర్ పెట్టి చూడండి. పెట్టగానే మోత మొదలైతే దోషి చార్జరే. పవర్ బ్యాంక్‌తో వాయించుకోండి, సరిపోతుంది.

చేతికి జిల్లుమంటే మాత్రం ఆపేయండి

టూ పిన్ చార్జర్లు, అడాప్టర్లతో వాడేటప్పుడు తీగలు తాకితే సన్నగా జిల్లుమనడం కొందరికి అనుభవమే. అది ఫిల్టర్ కెపాసిటర్ నుంచి వచ్చే స్వల్ప లీకేజీ కావచ్చు, లోపల ఇన్సులేషన్ పోయిన నిజమైన ఫాల్ట్ కావచ్చు. వేలితో తేడా తెలుసుకోలేం. ప్లగ్ తీసేయడమే మంచిది.

త్రీ పిన్ సాకెట్ ఉంది కదా అని ధీమా కూడా వద్దు. యాంప్ పెట్టేముందు ఆ తమ్ముడి ఇంట్లో ఎలక్ట్రీషియన్‌తో చెక్ చేయించాం. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య బల్బు వెలిగింది, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య వెలగలేదు. సాకెట్ విప్పితే ఎర్త్ రంధ్రం వెనక వైరే లేదు! కొత్త వైరు లాగి, ఎండిపోయిన ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోశారు. మట్టి ఎండితే ఎర్త్ పని తగ్గుతుంది కాబట్టి ఎండాకాలంలో నీళ్లు పోస్తుండాలి. 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ కూడా పెట్టించుకుంటే ఇంకా మంచిది.

హమ్ తగ్గుతుందని ఎర్త్ పిన్ విరిచేయడం, టూ పిన్ కన్వర్టర్ పెట్టడం అస్సలు చేయొద్దు. 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్‌సీలో స్టోన్ ది క్రోస్ బ్యాండ్ గిటారిస్ట్ లెస్ హార్వే, ఎర్త్ సరిగా లేని మైక్ తాకి స్టేజి మీదే షాక్‌తో చనిపోయారు. ఒక చేతిలో తీగలు, ఇంకో చేతిలో మైక్. రెండింటి మధ్య వోల్టేజ్ తేడా ఉంటే కరెంటు మన ఒంట్లోంచే పోతుంది. వినాయక మండపాల దగ్గర, పెళ్లి స్టేజీల మీద జనరేటర్‌తో వాయించేవాళ్లు దీన్ని ఇంకా గుర్తుపెట్టుకోవాలి. ల్యాప్‌టాప్, యాంప్ రెండూ వాడితే వచ్చే హమ్‌కి రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టడం చాలాసార్లు పనిచేస్తుంది. ఎర్త్ తీయాల్సిన పని లేదు.

కాబట్టి పెడల్‌కి డబ్బు పెట్టేముందు ఒక మల్టీమీటర్ కొనండి. గిటార్ లోపలి వైర్లు మీరే చూసుకోవచ్చు. గోడలోని సాకెట్ జోలికి మాత్రం ఎలక్ట్రీషియన్‌నే పిలవండి.